సరాసరి వేగము: ఆడుపిల్లల పరుగునకు ఇంటి లెక్క

800 మీటరుల దూరమును 5 నిమిషముల 20 సెకండులలో పరుగెత్తవలెను. తెలంగాణ పోలీసు నియామక మండలివారు 2022వ సంవత్సరమున ప్రకటించిన ఉద్యోగములకై స్త్రీలకు విధించిన పరుగు పరీక్ష యిది. పురుషులకు 1600 మీటరులు. కాలము 7 నిమిషముల 15 సెకండులు. ఈ పరుగున నెగ్గినవారికే దేహపు కొలతలకును, దూరము దుముకుటకును, గుండు విసరుటకును పోవు నవకాశము దొరకెను. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో ప్రారంభమైన యీ పరీక్షలు కరీంనగరము, ఆదిలాబాదు మున్నగు పట్టణములలో జరిగినవి. వ్రాతపరీక్షకై నెలల తరబడి చదివిన బాలికకైనను, మైదానమున గడియారపు ముల్లు ఒక్క సెకండు దాటినచో ఆ చదువంతయు మరల మొదటికి వచ్చును.

పరీక్షాధికారి దూరమును చెప్పును, కాలమును చెప్పును, వేగమును చెప్పడు. ఆ వేగమును మనమే లెక్కించుకొనవలెను. ఇంటిలో తల్లికిగాని, వదినకుగాని పరుగుపందెముల మర్మములు తెలియకపోవచ్చును. అయినను పాలపద్దు, చీటీలెక్క, వడ్డీలెక్క చూచుకొనగల యిల్లాలు ఈ లెక్కను సులభముగా చేయగలదు. తెల్లవారుజామున పరుగెత్తి వచ్చిన బిడ్డ “నేడు బాగుగనే పరుగెత్తితి” నని చెప్పుటకును, “నేడు గంటకు 8.8 కిలోమీటరుల చొప్పున పరుగెత్తితి” నని చెప్పుటకును చాల భేదము కలదు. మొదటి మాటవలన ఊరట మాత్రమే కలుగును. రెండవ మాటవలన ఇంకెంత కొఱతయున్నదో తెలియును.

సరాసరి వేగమనగా నేమి? మొత్తము దూరమును మొత్తము కాలముచే భాగించగా వచ్చినది. అంతకుమించి అందు రహస్యము లేదు. 5 నిమిషముల 20 సెకండులనగా 320 సెకండులు. 800ను 320చే భాగించినచో 2.5 వచ్చును. అనగా సెకండునకు రెండున్నర మీటరులు. గంటకు 3600 సెకండులు గనుక 2.5ను 3600చే గుణించిన 9000 మీటరులు, అనగా 9 కిలోమీటరులు. ఇంత దీర్ఘముగా చేయనక్కఱలేదు. సెకండునకు వచ్చిన మీటరులను 18చే గుణించి 5చే భాగించినచో గంటకు ఎన్ని కిలోమీటరులో వెంటనే తెలియును. కాబట్టి ఈ పరీక్ష కోరునది గంటకు 9 కిలోమీటరుల సరాసరి వేగము. మన పెద్దలు కాలమును గడియలతో కొలిచిరి. గడియకు 24 నిమిషములు. ఆ లెక్కను చూచినచో గడియకు 3.6 కిలోమీటరులు, అనగా రెండు మైళ్ళ కోసుకంటె కొంచెమెక్కువ.

పరుగెత్తువారికి ఇంకొక విధమైన లెక్క మఱింత యుపయోగపడును. అది దూరమునకు ఎంత కాలము పట్టునో చూచుట. గంటకు 9 కిలోమీటరులనగా ఒక కిలోమీటరునకు 6 నిమిషముల 40 సెకండులు. 100 మీటరులకు 40 సెకండులు. పరుగెత్తుచున్న బాలిక భాగహారము చేయజాలదు. కాని ప్రతి 100 మీటరుల గుర్తుకడను 40, 80, 120 అని మనస్సున ఎంచుకొనగలదు.

ఇచ్చట పలువురు తొట్రుపడు చోటొకటి కలదు. ఫోనులోని లెక్కల యంత్రమున 5 నిమిషముల 20 సెకండులను 5.20 అని వేయుదురు. అది తప్పు. నిమిషమునకు 100 కాదు, 60 సెకండులు గదా! 5.20 నిమిషములనగా 5 నిమిషముల 12 సెకండులు మాత్రమే. 20 సెకండులు నిమిషములో మూడవ వంతు గనుక 5.33 అని వేయవలెను. ఈ చిక్కు రాకుండుటకు కాలమునంతయు ముందుగా సెకండులలోనికి మార్చుకొనుట మేలు. నిమిషములను 60చే గుణించి, మిగిలిన సెకండులను కలిపినచో చాలును.

దీనికంటె పెద్ద పొరపాటు వేఱొకటి యున్నది. ఉద్యోగము చేజారుటకు అదియే చాలును. ఒక బాలిక 400 మీటరుల చుట్టును రెండుసార్లు తిరుగవలెననుకొందము. మొదటి చుట్టు ఉత్సాహముతో గంటకు 12 కిలోమీటరుల వేగమున పరుగెత్తెను. రెండవ చుట్టున ఆయాసము వచ్చి, వడి నడకగా గంటకు 6 కిలోమీటరుల చొప్పున ముగించెను. 12ను 6ను కూడి రెంటిచే భాగించిన 9 వచ్చును. కావలసినది 9 గనుక నెగ్గితిననియే ఆమె తలచును. కాని గడియారము వేఱుగా చెప్పును. 12 కిలోమీటరుల వేగమున 400 మీటరులకు 2 నిమిషములు. 6 కిలోమీటరుల వేగమున అదే దూరమునకు 4 నిమిషములు. మొత్తము 6 నిమిషములు. 800 మీటరులను 6 నిమిషములలో దాటినచో సరాసరి గంటకు 8 కిలోమీటరులే. ఆమె 40 సెకండులు వెనుకబడి యోడిపోయెను.

రెండు వేగముల నడిమి 9 అయినప్పుడు సరాసరి 8 ఎట్లయ్యెను? కూరగాయల బజారు నెఱిగిన వారికి ఇది తెలియని విషయము కాదు. ఒకనాడు టమాటలు కిలో 50 రూపాయలు, మఱునాడు 100 రూపాయలు. రెండు దినములును నూఱేసి రూపాయల టమాటలే కొన్నచో మొదటినాడు 2 కిలోలు, రెండవనాడు 1 కిలో వచ్చును. 200 రూపాయలకు 3 కిలోలు. కిలో ఒక్కింటికి దాదాపు 67 రూపాయలు పడినది గాని, 75 పడలేదు. చౌకనాడు ఎక్కువ సరకు కొంటిమి గనుక సరాసరి చౌకవైపునకు ఒఱిగినది. పరుగునందును అంతియే. మెల్లగా పోవు చుట్టున ఎక్కువ కాలము గడపుదుము గనుక సరాసరి మెల్లని వేగమువైపునకే ఒఱుగును. వడిగా పరుగెత్తిన రెండు నిమిషములు, మెల్లగా నడచిన నాలుగు నిమిషములను మోయజాలవు.

దీనినుండి రెండు సూత్రములు గుర్తుంచుకొనదగినవి. సమానమైన కాలములలో వేర్వేఱు వేగములతో పోయినప్పుడు వేగములను కూడి సగము చేయవచ్చును: రెండు నిమిషములు 12 కిలోమీటరుల చొప్పునను, మఱి రెండు నిమిషములు 6 కిలోమీటరుల చొప్పునను పోయినచో సరాసరి 9 కిలోమీటరులే. సమానమైన దూరములను వేర్వేఱు వేగములతో పోయినప్పుడు మాత్రము వేగముల జోలికి పోక, కాలములను కూడవలెను. మైదానపు చుట్లు సమానమైన దూరములు. కావున అచ్చట కూడవలసినది కాలమునే.

ఈ లెక్క తెలిసినవారికి పరుగెత్తవలసిన తీరుకూడ తెలియును. ఆరంభమున అందఱితోపాటు దూకి పరుగెత్తుటకంటె, మొదటినుండి తుదివఱకు సమముగా పరుగెత్తుట మేలు. ఒక్కొక్క చుట్టునకు 2 నిమిషముల 40 సెకండుల చొప్పున పోయినచో సరిగా 5 నిమిషముల 20 సెకండులగును. అయినను అంచున నిలుచుట క్షేమము కాదు. పరీక్షనాడు గుంపులో దారి దొరకకపోవచ్చును. మలుపుకడ పక్కవారిని దాటవలసి రావచ్చును. అందుచే ఇంటికడ అభ్యాసమున 5 నిమిషములలో ముగించునట్లు పెట్టుకొనవలెను. అప్పుడు సరాసరి గంటకు 9.6 కిలోమీటరులు, 100 మీటరులకు 37న్నర సెకండులు, 400 మీటరులకు 2 నిమిషముల 30 సెకండులు. చేతిలో 20 సెకండులు మిగులును.

లెక్క యెంత సరియైనను, దూరపు కొలత తప్పినచో ఫలమంతయు తప్పును. కరీంనగరమున అంబేడ్కరు స్టేడియము, ఆదిలాబాదున ఇందిరా ప్రియదర్శిని స్టేడియము గలవు. పట్టణములందున్నవారికి ఇట్టి చోట్లు అందుబాటున నుండును. పల్లెలలో బడి మైదానమో, ఊరి వెలుపలి బాటయో శరణ్యము. అట్టి చోట దూరమును అడుగులతో కొలువరాదు. అలసినకొలది అడుగు చిన్నదగును. దర్జీల టేపు 150 సెంటీమీటరులుండును. దానితో సాగని త్రాటిని పది మారులు కొలిచి 15 మీటరులు చేసికొని, ఆ త్రాటితో నేలను కొలువవచ్చును. ఇంకొక యుపాయము సైకిలు. చక్రమునకు సుద్దతో గుర్తు పెట్టి, నేలమీద సూటిగా పది చుట్లు దొరలించి, ఆ దూరమును టేపుతో కొలువవలెను. పది చుట్లకు 21 మీటరులు వచ్చినచో 95 చుట్లకు 199న్నర మీటరులు. అనగా దాదాపు 200. ఇట్లు కొలిచి గుర్తు పాతిన బాట సంవత్సరమంతయు పనికివచ్చును. చేతి ఫోను ఉపగ్రహముల సాయమున దూరమును చెప్పును గాని, చిన్న మైదానమున మలుపులు తిరుగునప్పుడు కొన్ని మీటరులు అటునిటు చూపును. పొడవైన బాటమీద మాత్రము దానిని కొంతవఱకు నమ్మవచ్చును.

మలుపుల విషయమున మఱొక సంగతి. ప్రమాణము గల పరుగుబాటలో లోపలి వరుసయందు ఒక చుట్టు 400 మీటరులు. ఒక్కొక్క వరుస వెడల్పు 1.22 మీటరులు. ఒక వరుస వెలుపలికి జరిగి పరుగెత్తినచో చుట్టు ఒక్కింటికి సుమారు 7.7 మీటరులు అధికమగును. మైదానము చిన్నదైనను పెద్దదైనను ఈ యధికము మారదు. రెండు చుట్లకు 15 మీటరులకు పైగా. 9 కిలోమీటరుల వేగమున దానికి 6 సెకండులు పట్టును. పక్కవారికి దూరముగా నుండవలెనని వెలుపలి వరుసను పట్టిన బాలిక తెలియకయే ఆఱు సెకండులను పోగొట్టుకొనును. వీలు దొరకినంతనే లోపలి అంచునకు చేరుకొనుట మంచిది.

పలుదినముల అభ్యాసమును ఒక్కటిగా చూచుట యెట్లు? ఒక బాలిక 800 మీటరులను సోమవారము 5 నిమిషముల 40 సెకండులలో, బుధవారము 5 నిమిషముల 30 సెకండులలో, శుక్రవారము 5 నిమిషముల 10 సెకండులలో పరుగెత్తెననుకొందము. మొత్తము దూరము 2400 మీటరులు. మొత్తము కాలము 980 సెకండులు. భాగించినచో సెకండునకు 2.45 మీటరులు, గంటకు సుమారు 8.8 కిలోమీటరులు. వారపు సరాసరి ఇంకను 9కి తక్కువయే. అట్లని ఆమె నిరుత్సాహపడనక్కఱలేదు. శుక్రవారపు పరుగు ఒక్కటే చూచినచో 9.3 కిలోమీటరులు, ఆనాడు పరీక్షయైనచో నెగ్గియుండును. మూడు దినములలో 30 సెకండులు తగ్గినవను సంగతి సరాసరిలో కనబడదు. కావున సరాసరితోపాటు ఏనాటి కాలమును ఆనాడు వ్రాసి యుంచవలెను. ఒకటి ఆమె యెచ్చట నున్నదో చెప్పును; రెండవది ఆమె యెటు పోవుచున్నదో చెప్పును.

నడకకుకూడ ఈ లెక్కయే. కవ్వాలు పులుల అభయారణ్యము గల పూర్వపు ఆదిలాబాదు జిల్లా బాలికలలో అటవీశాఖ ఉద్యోగములను కోరువారు లేకపోరు. భారత అటవీ సేవకు ఎంపికగు స్త్రీలు 4 గంటలలో 14 కిలోమీటరులు నడవవలెనను నియమము కలదు. సరాసరి గంటకు 3న్నర కిలోమీటరులు. ఇది తేలికగనే తోచును. కాని మధ్యమున నీడకు కూర్చుండి అరగంట గడపినచో గడియారము ఆగదు. మిగిలిన మూడున్నర గంటలలో ఆ 14 కిలోమీటరులను నడచుటకు గంటకు 4 కిలోమీటరుల చొప్పున పోవలెను. సరాసరి వేగమున విశ్రాంతికాలము కూడ చేరియే యుండునని మఱవరాదు.

స్త్రీలు ఈ దూరము పరుగెత్తగలరా యని లోకము సందేహించిన కాలమొకటి యుండెను. 1928వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు తొలిసారిగా 800 మీటరుల పరుగు పెట్టిరి. జర్మనీ దేశపు లీనా రాడ్కే 2 నిమిషముల 16.8 సెకండులలో దానిని గెలిచెను. అనగా గంటకు 21 కిలోమీటరుల సరాసరి. పందెము ముగిసిన పిదప కొందఱు అలసటచే నేలపై కూలబడిరని పత్రికలు గోరంతను కొండంతగా వ్రాసెను. ఆ పరుగు స్త్రీలకు తగదని తీసివేసిరి. మరల 1960వ సంవత్సరమున రోము నగరపు క్రీడలవఱకు, అనగా 32 సంవత్సరములు, ఒలింపిక్కులలో స్త్రీలకు 800 మీటరుల పరుగు లేకపోయెను. రోమున గెలిచిన సోవియట్ వనిత షెవ్‌త్సోవా కాలము 2 నిమిషముల 4.3 సెకండులు. అది గంటకు 23 కిలోమీటరులకు మించిన వేగము. వద్దన్న వారికి గడియారమే ప్రత్యుత్తరమిచ్చెను.

మన దేశమున పి.టి. ఉష 1984వ సంవత్సరమున లాస్ ఏంజెల్స్ క్రీడలలో 400 మీటరుల అవరోధపు పరుగును 55.42 సెకండులలో ముగించి నాలుగవ స్థానమున నిలిచెను. మూడవ స్థానము పొందిన వనిత కాలము 55.41. సెకండులో నూఱవ వంతు! ఉష సరాసరి వేగము సెకండునకు 7.2 మీటరులు గనుక ఆ నూఱవ వంతు సెకండులో దాటు దూరము 7 సెంటీమీటరులు, అనగా బెత్తెడు. బెత్తెడు దూరమున పతకము తప్పిపోయినది.

కరీంనగరమునకు పొరుగున నున్న వరంగల్లు జిల్లాలో కల్లెడ గ్రామమున, కూలిపని చేసికొను కుటుంబమున పుట్టిన జీవాంజి దీప్తి కథ మనకు మఱింత దగ్గఱిది. మేధోవైకల్యము గలవారి విభాగమున ఆమె 2024వ సంవత్సరము మే నెలలో జపాను దేశపు కోబే నగరమున 400 మీటరులను 55.07 సెకండులలో పరుగెత్తి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను. ఆ సెప్టెంబరున పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకండులతో కాంస్యపతకము పొందెను. కోబేలో ఆమె సరాసరి గంటకు 26 కిలోమీటరులకు పైన. పరుగు ఆరంభమున ఎవరి వేగమైనను సున్నయే గదా. ఆ సున్ననుండి లేచి 26 సరాసరి రావలెనన్న, నడుమ నెచ్చటనో అంతకుమించిన వేగముతో పోయియుండవలెను. చిన్నతనమున ఊరివారు వెక్కిరించిన యా బిడ్డను తల్లిదండ్రులు విడువక నిలబెట్టిరి.

వేగమును లెక్కించు తల్లి బిడ్డ యారోగ్యమును కూడ లెక్కింపవలెను. క్రమముగా అభ్యాసము చేయుచున్నను కాలము తగ్గక, కొంచెము దూరమునకే ఆయాసము, గుండెదడ కలుగుచున్నచో బద్ధకమని గద్దింపరాదు. రక్తహీనత యుండవచ్చును. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల భారత స్త్రీలలో 57 శాతము మందికి రక్తము తక్కువగా నున్నట్లు తేలినది. రక్తము ప్రాణవాయువును కండలకు మోసికొనిపోవును; అది చాలనిచో ఎంత పట్టుదలయైనను వేగము పెరుగదు. దగ్గఱి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించి వైద్యుల సలహా పొందవలెను. పోలీసు పరీక్షలవంటివి చలికాలమున ఉదయమే జరుగవచ్చును. ఆదిలాబాదు ప్రాంతపు చలి మన రాష్ట్రమున పేరు పొందినది. అట్టి ఉదయమున చల్లబడిన కాళ్ళతో ఒక్కసారిగా పరుగెత్తక, పది నిమిషములు నడచి, మెల్లగా పరుగెత్తి, దేహము వెచ్చబడిన తరువాతనే కొలత పరుగునకు దిగవలెను.

ఇక చేయవలసినది స్వల్పము. పాలపద్దు వ్రాయు పుస్తకమునందే ఒక పుట తీసికొని, తేది, దూరము, కాలము సెకండులలో, సరాసరి వేగము అని నాలుగు గీతలు గీయవలెను. మొదటి చుట్టు, రెండవ చుట్టు కాలములను విడివిడిగా వ్రాయవలెను. రెండవది మొదటిదానికంటె 10 సెకండులకు మించి యెక్కువైనచో ఆరంభమున తొందరపడినట్లు తెలిసికొని, మఱునాడు మొదటి చుట్టును తగ్గింపవలెను. రానున్న నియామకములలో దూరమును, కాలమును మార్చవచ్చును. ప్రకటన వెలువడినంతనే చూచుకొని, ఈ పద్ధతినే క్రొత్త అంకెలతో మరల చేసికొనవలెను. పరుగు బిడ్డది. బాటప్రక్కన గడియారము పట్టుకొని నిలువబడి, చుట్టు చుట్టునకు సెకండులను పెద్దగా చదివి చెప్పుట మాత్రము ఇంటివారి పని. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టులోపల దానికి పది నిమిషములు చాలును.